సినిమా, డిజైన్ విద్యార్థులకు రీసెర్చ్ మెథడ్స్ పేపర్ తప్పనిసరి చేయాలా?

టైమ్‌లైన్_రాణి

మీడియా ఆర్ట్స్ పీజీ చేస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో రీసెర్చ్ మెథడ్స్ పేపర్ తప్పనిసరి. హైపోథీసిస్, వేరియబుల్స్, శాంపిల్ సైజు అంటూ గంటల తరబడి క్లాసులు. ఉదాహరణలన్నీ మందుల పరీక్షలు, మార్కెట్ సర్వేలు. ఇది దేనికో మా క్లాసులో ఎవరికీ అంతుపట్టడం లేదు. మేం వచ్చింది ఫిల్మ్ తీయడానికి, యానిమేషన్ చేయడానికి. ఫిల్మ్ బాగుంటే చూసేవాళ్లకు తెలుస్తుంది. బాగోకపోతే ఎన్ని పేజీల మెథడాలజీ చాప్టర్ రాసినా బాగుపడదు. అందుకే ఈ పేపర్‌ని ఆప్షనల్ చేయాలంటాను. పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు చదువుకుంటారు, మిగతావాళ్లు ఆ గంటలు ఎడిట్ సూట్‌లో గడుపుతారు. కాదంటే ఎందుకో చెప్పండి. ‘రూల్ ఉంది కాబట్టి’ అని మాత్రం అనకండి, అది మా హెచ్‌ఓడీ ఎప్పుడో చెప్పేశారు.

ఫామ్_నింపండి_ప్లీజ్

నా ఓటు మీకే. ఈ పేపర్ పుణ్యాన పుట్టే రీసెర్చ్ ఎలా ఉంటుందో చూడండి. ఒక విద్యార్థి పోస్టర్ డిజైన్ చేస్తాడు. అంతా అయ్యాక ‘మెథడ్ ఏదయ్యా?’ అంటారు గైడ్. వెంటనే ఒక గూగుల్ ఫామ్ తయారు. అందులో ప్రశ్న: ‘ఈ పోస్టర్ రంగులు, అక్షరాలు ఆకర్షణీయంగా, సులభంగా అర్థమయ్యేలా ఉన్నాయా?’ జవాబులు: చాలా బాగా ఉన్నాయి, ఉన్నాయి, కొంతవరకు ఉన్నాయి. ‘లేవు’ అనడానికి చోటే ఉండదు! దాన్ని వాట్సాప్ గ్రూపులో పడేసి ‘ప్లీజ్ రా, రెండు నిమిషాలే’ అని బతిమాలతారు. నింపేవాళ్లంతా ఫ్రెండ్సూ కజిన్లూ. మర్నాటికల్లా రంగురంగుల గుండ్రటి ‘పై చార్ట్’, దాని కింద ‘అత్యధికులు సానుకూలంగా స్పందించారు’ అని ఒక వాక్యం. ఇవి కాకిలెక్కలని రాసినవాడికీ తెలుసు, దిద్దేవాళ్లకీ తెలుసు. ఇంత తతంగం ఎవరిని ఉద్ధరించడానికి?

కట్టింగ్_రూమ్

ఎడిటింగ్ చేస్తాను, పాఠాలూ చెబుతాను. కాబట్టి నన్ను రెండు వైపుల నుంచీ తిట్టొచ్చు.

పైన ఆ ఫామ్ ప్రశ్న మళ్లీ చదవండి. రంగులు ఒకటి, అక్షరాలు ఒకటి, ఆకర్షణ ఒకటి, అర్థం కావడం ఒకటి. నాలుగు సంగతులు కలిపి ఒకే ప్రశ్నలో కుక్కారు. ‘ఉన్నాయి’ అన్నవాళ్లు దేనికి అన్నారు? వ్యతిరేకించే వీలు ముందే తీసేశారు. పైగా అడిగింది మనవాళ్లనే. ఈ మూడు లోపాలూ ఈ సబ్జెక్టులో మొదటి వారంలోనే నేర్పేవి. అవి వంటబట్టి ఉంటే ఆ ఫామ్ బయటికి వచ్చేదే కాదు. మీ ఉదాహరణ నా వాదనకే ఎక్కువ పనికొస్తోంది!

ఇక ‘ఫిల్మ్ బాగుంటే తెలుస్తుంది’ అన్న మాట. ఎడిటింగ్ మొదటి క్లాసులో అందరికీ చెప్పేది కులెషోవ్ ప్రయోగం. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో, ఏ భావమూ లేని ఒకే నటుడి ముఖాన్ని సూప్ గిన్నె, శవపేటిక లాంటి వేర్వేరు షాట్ల పక్కన అతికించి చూపించాడట. చూసినవాళ్లు ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం పలికాయని నటుణ్ని మెచ్చుకున్నారట. ‘అట’ అని ఊరికే అనడం లేదు. ఆ అసలు ఫుటేజ్ దొరకదు. మూడో షాట్ ఏమిటో కూడా చెప్పేవాళ్లను బట్టి మారిపోతుంది. అయినా ఏడు దశాబ్దాల పాటు దీన్ని పాఠంగా అప్పగించారు.

1992లో ప్రిన్స్, హెన్స్‌లీ అనే ఇద్దరు ఆ ప్రయోగాన్ని మళ్లీ తయారుచేసి చూపిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. 2016లో బారట్ బృందం ఇంకో రకంగా చేసింది: 36 మంది ప్రేక్షకులు, 24 చిన్న సీక్వెన్సులు, చూస్తున్నప్పుడు కళ్ల కదలికల రికార్డింగు. ఈసారి అలాంటి ప్రభావం ఎంతో కొంత ఉన్నట్టే తేలింది. సీక్వెన్స్ ఎలా కట్టాం, ప్రేక్షకుణ్ని ఏమని అడిగాం అన్న దాన్నిబట్టి జవాబు మారుతోందన్నమాట. ఎడిటర్‌కి ఇంతకంటే పనికొచ్చే పాఠం ఉందా? రీసెర్చ్ మెథడ్స్ అక్కర్లేదనే విద్యార్థి పరీక్షలో మాత్రం కులెషోవ్ మీద పది మార్కుల జవాబు కళ్లు మూసుకుని రాసేస్తాడు.

టైమ్‌లైన్_రాణి

కథ బాగుంది సార్. కానీ అది సైకాలజీ వాళ్ల పని. వాళ్లు కొలుస్తారు, మేం తీస్తాం. నేను ల్యాబ్ పెట్టి ప్రేక్షకుల కళ్లు కొలవాలా?

శబ్దగ్రాహి

అక్కర్లేదండీ. నేను సౌండ్ డిజైన్ మీద, ప్రాక్టీస్ దారిలోనే, అంటే పని చేస్తూనే దాన్ని పరిశీలించే దారిలో, థీసిస్ చేస్తున్నాను. మీరు ‘రీసెర్చ్’ అనగానే ఒక్క రకమే ఊహించుకుంటున్నారు. బ్రిటిష్ డిజైన్ అధ్యాపకుడు క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని మూడుగా విడదీశాడు: కళ మీద చేసే పరిశోధన, కళ ద్వారా చేసే పరిశోధన, కళ కోసం చేసే పరిశోధన. చరిత్ర, విమర్శ మొదటి దానిలోకి వస్తాయి. మనకు కావాల్సింది రెండోది, అంటే చేస్తూ తెలుసుకోవడం, తెలుసుకున్నది నలుగురికీ కనిపించేలా రాసి పెట్టడం. మూడోదానితోనే చిక్కు అని ఆయనే ఒప్పుకున్నాడు. ఎందుకంటే అక్కడ తెలిసిందంతా తయారైన కళావస్తువులోనే ఉండిపోతుంది, మాటల్లోకి రాదు.

నా లాగ్‌బుక్‌లో ఒక పేజీ చెబుతాను. నా ప్రశ్న: సంగీతం లేకుండా, గది శబ్దంతోనే ఒక పాత్ర భయాన్ని వినిపించవచ్చా? సీన్‌లో ఒకావిడ వంటింట్లో ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఒక వెర్షన్‌లో ఫ్రిజ్ మోతను మెల్లగా పెంచాను. పక్కన రాసుకున్నది: ‘బెదిరింపులా ఉంది, భయంలా లేదు. ఫ్రిజ్ విలన్ అయిపోయింది.’ తర్వాతి దాంట్లో మోత పెంచలేదు, తలుపు చప్పుడుకి సరిగ్గా ముందు ఉన్నట్టుండి ఆపేశాను. ‘ఆగినప్పుడే అది అప్పటిదాకా ఉందని తెలిసింది. ఆవిడ ఊపిరి ఇప్పుడు మనకి దగ్గరైంది. ఆపే చోటు మూడు ఫ్రేములు ముందుకి జరిపితే ఇది టెక్నికల్ లోపంలా వినిపిస్తోంది.’ ఇలా పేజీలకి పేజీలు. ఏ వెర్షన్‌లో ఏం మార్చాను, ఎందుకు మార్చాను, ఏం ఆశించాను, ఏం వినిపించింది. ఒక్కోసారి ఒక్కటే మారుస్తాను. ఇది మెథడే కదా? మీరు కూడా ఎడిట్‌లో ఇదే చేస్తారు, కాకపోతే రాసుకోరు. ప్రాజెక్ట్ ఫోల్డర్లో ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని ఫైళ్లు మిగులుతాయి, కారణాలు మిగలవు.

సందేహాల_పుట్ట

ఇక్కడే నాకు అనుమానం. లాగ్‌బుక్ బాగానే ఉంది. కానీ భయంలా ఉందని చెప్పింది ఎవరు? మీరే. చేసేదీ మీరే, వినేదీ మీరే, తీర్పూ మీదే. ఇలాంటి థీసిస్‌లు కొన్ని చదివాను. ‘నేను అనుకున్నాను, నాకు అనిపించింది, నాలో ప్రయాణం మొదలైంది’ అంటూ పేజీలు నిండుతాయి. డైరీకీ రీసెర్చ్‌కీ తేడా ఏమిటి? రచయిత పొరబడ్డాడని ఎవరైనా చూపించే అవకాశమే లేనప్పుడు దాన్ని రీసెర్చ్ అని ఎలా ఒప్పుకుంటాం? నన్నడిగితే ఆ గూగుల్ ఫామ్ ‘పై చార్ట్’ నయం, కనీసం తప్పని తెలిసిపోతుంది.

శబ్దగ్రాహి

న్యాయమైన ప్రశ్నే. నా జవాబు చిన్నది: రెండు వెర్షన్లూ అనుబంధంగా జతచేస్తాను. విని, ‘నాకు భయం అనిపించలేదు’ అని మీరు అనొచ్చు. డైరీలో ఆ వీలు లేదు. బ్రిటన్‌లో 2021 నాటి జాతీయ పరిశోధన మూల్యాంకనంలో ప్రదర్శనలు, ఫిల్ములు కూడా పరిశోధనగా పంపించే వీలుండింది. వాటితో 300 పదాల వివరణ జతచేయనిచ్చారు: ప్రశ్న ఏమిటి, ఎలా చేశారు, కొత్తగా ఏం తేలింది అని. ‘నాలో ప్రయాణం’ రాయడానికి ఆ 300 పదాల్లో చోటు దొరకదు లెండి.

కట్టింగ్_రూమ్

సందేహాల_పుట్ట గారు అడిగింది తేలిగ్గా వదిలేసేది కాదు. ‘నాకు అనిపించింది’ దగ్గరే ఆగిపోయే థీసిస్‌లు నిజంగానే ఉన్నాయి. అలాగని ‘ప్రేక్షకులకు ఇలా అర్థమవుతుంది’ అని కుర్చీలో కూర్చుని తేల్చేయడం కూడా అదే రోగం. మీడియా స్టడీస్‌లో అది చాలాకాలం నడిచింది.

బ్రిటిష్ మీడియా పరిశోధకుడు డేవిడ్ మోర్లీ చేసిన పని చూడండి. బ్రిటన్ టీవీలో సాయంత్రం వచ్చే ఒక వార్తా కార్యక్రమాన్ని 29 గుంపులకు చూపించి, తర్వాత వాళ్లను మాట్లాడించాడు. 1980లో పుస్తకంగా వచ్చింది. వర్గాన్ని బట్టి అర్థం మారుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ బ్యాంకు మేనేజర్లు, పని నేర్చుకుంటున్న అప్రెంటిస్ కుర్రాళ్లు దాదాపు ఒకే రకంగా, కార్యక్రమం చెప్పిన ధోరణిలోనే అర్థం చేసుకున్నారు. యూనియన్ నాయకులు ఎదురుతిరిగారు. కూర్చుని ఊహిస్తే ఇది దొరికేది కాదు.

నాకు ఇంకా నచ్చేది ఆ తర్వాత జరిగింది. టీవీని జనం చూసేది ఇంట్లో, తను చూపించింది బయట గుంపులకు. ఈ పద్ధతిలోని లోటుని మోర్లీ స్వయంగా ఎత్తిచూపి, తర్వాతి అధ్యయనంలో ఇళ్లకే వెళ్లి 18 కుటుంబాలతో మాట్లాడాడు. అక్కడ అసలు సంగతి కార్యక్రమం అర్థం దగ్గర కాదు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గర బయటపడింది. చోటు మార్చగానే ప్రశ్నే మారిపోయింది.

కెమెరా_వెనక

డాక్యుమెంటరీ వైపు నుంచి ఒక్క మాట. ఇక్కడ ఎవరూ సమ్మతి గురించి ఎత్తలేదు. మనం చూపించేది మనుషుల ముఖాలు. సర్వేలో పేరు దాచొచ్చు, ముఖం ఎలా దాస్తాం? కెమెరా ముందు ‘సరే’ అన్న మనిషి, ఎడిట్ అయ్యాక చూసి ‘నేను ఇలా అనలేదు’ అంటే? ఫ్రాన్స్‌కి చెందిన జాఁ రూష్, ఎడ్గార్ మోరాఁ 1961 నాటి తమ డాక్యుమెంటరీలో, తీసిన ఫుటేజ్‌ని అందులో ఉన్నవాళ్లకే చూపించి, వాళ్లు వాదులాడుకోవడం కూడా ఫిల్మ్‌లో పెట్టారు. కొన్ని సీన్లు నిజమనిపించలేదని కొందరు అన్నారు. సమ్మతి పత్రం మీద సంతకం ఎప్పుడు తీసుకోవాలి, వెనక్కి తీసుకునే హక్కు ఎప్పటిదాకా ఉంటుంది అన్నవి నేర్పే క్లాసు ఇదొక్కటే. ఆప్షనల్ చేస్తే ముందు పోయేది ఇదే.

టైమ్‌లైన్_రాణి

సమ్మతి విషయం ఒప్పుకుంటున్నాను. అది అందరికీ ఉండాల్సిందే. సరే, నా ప్రాజెక్టే చెబుతాను, మీ మెథడ్ ఏం చేస్తుందో చూద్దాం. ఇద్దరి మధ్య గొడవ. ముఖాలు చూపించను, చేతులే. దాన్ని పొడుగాటి షాట్లలో తీయాలా, చిన్న ముక్కలుగా కట్ చేయాలా తేలడం లేదు. ఫ్రెండ్స్‌ని అడిగితే ‘రెండూ సూపర్’ అంటున్నారు.

కట్టింగ్_రూమ్

‘ఏది బాగుంది’ అని అడక్కండి. రెండు కట్‌లు పెట్టుకోండి: అదే నటన, అదే శబ్దం, మొత్తం నిడివి కూడా ఒకటే, షాట్ల పొడవు మాత్రమే వేరు. ఒక్కొక్కరికి ఒక్కటే చూపించండి, రెండోది ఉందని చెప్పకండి. తర్వాత ఒకే మాట అడగండి: ‘ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి’. ఎవరిది తప్పు అన్నారు, ఏ చెయ్యి గురించి ముందు మాట్లాడారు అన్నది రికార్డు చేసి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మిమ్మల్ని ఎరిగినవాళ్లు వద్దు. ఇంత చిన్న గుంపుతో శాతాలు లెక్కగట్టొద్దు కూడా. షాట్ల సగటు నిడివి లెక్కపెట్టి శైలిని పోల్చడం ఫిల్మ్ చరిత్రకారుడు బారీ సాల్ట్ 1974లోనే మొదలుపెట్టాడు. మీకు నచ్చిన దర్శకుల గొడవ సీన్లు కొన్ని అలా కొలిచి చూస్తే లిటరేచర్ రివ్యూ, అంటే ఇదివరకు జరిగిన పనిని పరిశీలించడం, సగం అయిపోయినట్టే.

సందేహాల_పుట్ట

ఇది బాగుంది. ఎంతమందికి చూపించాలి?

కట్టింగ్_రూమ్

కొత్త సంగతి వినిపించడం ఆగేదాకా. నీరసం వచ్చేదాకా కాదు, ఆ రెండింటికీ తేడా కనిపెట్టడమే కష్టం. ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు అన్నది రాయండి చాలు.

టైమ్‌లైన్_రాణి

ఈ వారాంతంలో రెండు కట్‌లూ చేస్తాను. కానీ ఒకటి గమనించండి, మీరంతా చెప్పినదాంట్లో మా సిలబస్‌లో ఉన్నది సమ్మతి పత్రం ఒక్కటే, అదీ ఒక పేరా. మిగతాదంతా నిర్వచనాలు, మూడు గంటల రాత పరీక్ష. ఆ పేపర్ అలాగే ఉన్నంతకాలం నా ఓటు ఆప్షనల్‌కే.

ఫామ్_నింపండి_ప్లీజ్

నాదీ. పరీక్ష బదులు లాగ్‌బుక్ చూసి మార్కులు వేస్తామంటే చెప్పండి, ఓటు మార్చుకుంటా.

కట్టింగ్_రూమ్

పరీక్ష తీసేయమని మా బోర్డు మీటింగులో నేనూ అడిగాను. లాగ్‌బుక్‌లు దిద్దడానికి టైమ్ ఎవరికుంది అన్నారు.