9 ఎంఎం పాత ఇత్తడి కేసులు: ఏవి ఉంచాలె, ఏవి తుక్కుల వెయ్యాలె?

మిర్యాలగూడ_టు_డాలస్: అన్నలూ, షూటింగ్ రేంజ్‌ల ఏరుకున్న పేలిన తూటాల ఖాళీ కేసులు బకెట్ నిండ ఉన్నయి, మళ్ల మందు నింపి వాడుకుందామని (రీలోడ్) చూస్తున్న, కొన్నిటికి మూతి కాడ సన్న గీత కనిపిస్తుంది, కొన్నిట్ల ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న బిళ్ల) లూజుగ దిగుతుంది. ఏవి పారెయ్యాలె? కడగనీకి ఏం వాడుతున్నరు?

పాలమూరు_45: మూతి పగిలిందంటే తుక్కే తమ్మీ. బుల్లెట్ మీద పట్టు పోయిన కేసుల బుల్లెట్ ఫీడ్ అయ్యేటప్పుడు లోపలికి జరుగుతది, ప్రెజర్ ఒక్కసారే పెరుగుతది. 9 ఎంఎం లిమిట్ 35,000 పీఎస్ఐ (ప్రెజర్ కొలత), 45 ఏసీపీ అనే ఇంకో సైజు పిస్టల్ తూటాది 21,000, అందుకే నా 45 కేసులు ఏండ్ల సంది తిరుగుతనే ఉన్నయి. 45 కొనుక్కో.

దేవరకొండ_బిడ్డ: కడుగుడుకు చింతపండును మించింది లేదు. అమ్మ ఇత్తడి బిందెలు గట్లనే తోముతది, నేను రాత్రంత నానబెడ్త, తళతళ మెరుస్తయి.

సూర్యాపేట_మెటలర్జీ: రాత్రంతనా? నేను మెటలర్జీ చదివినోన్ని, చెప్తున్న ఇను. కేసు ఇత్తడిల 70 శాతం రాగి, 30 శాతం జింకు. పులుపుల ఎక్కువసేపు ఉంటే జింకు కరిగి గులాబి రంగు తేలుతది, గది బలం పోయిన కేసు. కొద్దిసేపు పెట్టి మంచిగ కడుగు.

దేవరకొండ_బిడ్డ: తాతల నాటి బిందెలు ఇంక ఉన్నయి మా ఇంట్ల. డిగ్రీ ఉంటే అన్నీ తెలుస్తయా?

సూర్యాపేట_మెటలర్జీ: బిందెల మందు పేలుస్తున్నవా? చేతిల పగిలితే ఎవరు జవాబు? ఇంకోటి, అమ్మోనియా ఉన్న పాలిష్ అస్సలు ముట్టొద్దు. బ్రిటిషోళ్ల కాలంల మన దేశంలనే వానకాలం గుర్రపుశాలల్ల పెట్టిన తూటాల కేసులు వాటంతట అవే పగిలినయి, గుర్రాల మూత్రంల నుంచొచ్చే అమ్మోనియానే కారణమని 1921ల తేల్చిండ్రు.

నల్లగొండ_మామ: మా బావకు లైసెన్సు రివాల్వర్ ఉంది, ఇంట్లనే రీలోడ్ చేస్కోవచ్చా?

పాలమూరు_45: వద్దే వద్దు మామా. డాలస్ ముచ్చట వేరే. ఇక్కడ తూటాలు తయారుచెయ్యాల్నంటే ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 కింద వేరే లైసెన్సు కావాలె. 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏండ్లకు తక్కువ లేదు.

కోదాడ_అక్క: పాలిష్ గురించి కొట్లాడుతున్నరు గని దుమ్ము సంగతి ఒక్కరన్న అడిగిండ్రా? ప్రైమర్ల సీసం ఉంటది. మా ఆయన పొడి టంబ్లర్ (కేసులను తిప్పి తోమే మిషిన్) ఇంట్ల తిప్పేటోడు, చిన్నపిల్ల పాకుతున్న ఇల్లు, కొట్లాడి ఆపిచ్చిన. నీళ్లల్ల తిప్పుండ్రి, చేతులు కడిగినంకనే పిల్లలను ఎత్తుకోండ్రి.

మిర్యాలగూడ_టు_డాలస్: ప్రైమర్ సంగతి ఎవ్వరు చెప్పకపాయె అన్నా.

పాలమూరు_45: చేత్తో నొక్కే టూల్ వాడు, తెలుస్తది. పట్టు లేకుంట జారినట్టు దిగితే ఆ కేసు తుక్కుకే. 45 కొంటే చిన్న ప్రైమర్ కేసులు కలిసినయేమో ఏరుకో, పెద్ద ప్రైమర్ అండ్ల పట్టదు, ప్రెస్ (తూటా కూర్చే మిషిన్) కాడ ఇరుక్కుంటది.