మొదటి బ్యాచ్‌కి ఆల్-ఇన్-వన్ మెషీనా, మామూలు బకెట్టా?

కొత్తబ్రూయర్:
నమస్తే అండీ. ఇంట్లో బీర్ చేయడం నేర్చుకోవాలని రెండు నెలలుగా చదువుతున్నాను. మా దగ్గర చట్టపరంగా ఇబ్బంది లేదు, అది ముందే చూసుకున్నాను. సామాను దగ్గరే ఆగిపోయాను. కొందరు నానబెట్టడం, మరిగించడం ఒకే పాత్రలో కరెంటుతో చేసే ఆల్-ఇన్-వన్ మెషీన్ కొనేయమంటున్నారు. ఇంకొందరు మూత ఉన్న ఫుడ్ గ్రేడ్ బకెట్, ఒక పెద్ద గిన్నె చాలంటున్నారు. చేయాలనుకుంటున్నది 20 లీటర్లు. డబ్బు ఒక్కసారే పెట్టగలను. ఏది నయం?

స్టీలుగిన్నె:
నా ఓటు మెషీన్‌కే. నేను బకెట్‌తో మొదలుపెట్టాను. ఏడాదిలో గిన్నె మార్చాను, మరిగినదాన్ని త్వరగా చల్లార్చే చిల్లర్ కొన్నాను, పంప్ కొన్నాను, చివరికి మెషీనే కొన్నాను. పాతవన్నీ అటక మీద పడున్నాయి. పొయ్యి మీద మాష్‌ను, అంటే వేడి నీళ్లలో నానే మొలకెత్తించిన బార్లీ నూకను, గంటసేపు 66 డిగ్రీల దగ్గర నిలబెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. 62కి పడిపోతే బీర్ పలచగా వస్తుంది, 70కి ఎక్కితే తియ్యగా, చిక్కగా మిగులుతుంది. మెషీన్ ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

ఈస్ట్‌ముఖ్యం:
మాష్ కష్టం నిజమే గారూ. కానీ మొదటి బ్యాచ్‌కే మాష్ ఎందుకు? మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో, అంటే ఆ బార్లీ నుంచి తీసిన తియ్యటి పాకం లేదా పొడిలో, ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. నీళ్లలో కలిపి, చేదు కోసం హాప్స్ పూలు వేసి గంట మరిగిస్తే వోర్ట్, అంటే పులియబెట్టాల్సిన తీపి ద్రవం, సిద్ధం.

మెషీన్ పని ఒక్క పూటతో అయిపోతుంది. ఆ తర్వాత రెండు వారాలు పనిచేసేది ఈస్ట్. నా మొదటి మూడు బ్యాచ్‌లు పారబోశాను. వోర్ట్‌లో ఏ లోపమూ లేదు. గది 27 డిగ్రీలుండేది. పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే వేడి పుట్టిస్తుంది, బకెట్ లోపల గదికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అంటే నా ఈస్ట్ 30 డిగ్రీల దగ్గర ఉడికిపోయింది. ఏల్ రకం బీర్‌కు వాడే ఈస్ట్‌లలో చాలావాటికి 18 నుంచి 20 డిగ్రీలు హాయి. నాకు వచ్చింది నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, గొంతులో మంట. ఎంత ఖరీదైన కెటిల్ ఉన్నా అది పోదు.

1883లో డెన్మార్క్ బీర్ కంపెనీ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచాడు. బీర్ చెడిపోవడానికి అడవి ఈస్ట్‌లు కారణమని తేల్చిందీ ఆయనే. ఆ సమస్య తీరింది కొత్త గిన్నెతో కాదు, మంచి ఈస్ట్‌తో. అందుకే గట్టిగా చెబుతున్నాను: డబ్బు చల్లదనం మీద పెట్టండి. బకెట్‌ను నీళ్ల టబ్‌లో నిలబెట్టి, తడి తువ్వాలు చుట్టి, ఫ్యాన్ పెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. నీళ్లలో ఐస్ బాటిళ్లు మారుస్తూ ఉంటే ఇంకా తగ్గుతుంది. పాత ఫ్రిజ్, దానికో థర్మోస్టాట్ కంట్రోలర్ దొరికితే ఇక చింత లేదు.

గాజుసీసా:
బకెట్ అని తేలిగ్గా అనేస్తున్నారు. ప్లాస్టిక్‌కి గీతలు పడితే వాటిలో బ్యాక్టీరియా దాక్కుంటుంది. గాజు కార్‌బాయ్ (ఇరుకు మూతి ఉన్న పెద్ద సీసా) ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది.

ఈస్ట్‌ముఖ్యం:
గీతల మాట ఒప్పుకుంటాను. గరుకు పీచుతో తోమకూడదు, గీతలు పడితే బకెట్ మార్చేయాలి. కానీ 20 లీటర్లు నింపిన గాజు కార్‌బాయ్ బరువు పాతిక కిలోలు దాటుతుంది. సబ్బు నీళ్ల చేతుల్లోంచి జారితే అయ్యే గాయం చిన్నది కాదు. కొత్తవాళ్లకు గాజు చెప్పడానికి నాకు మనసు రాదు.

స్టీలుగిన్నె:
చల్లదనం సంగతి సరే. మరిగే 20 లీటర్లను చిల్లర్ లేకుండా ఎలా చల్లారుస్తారు? రాత్రంతా వదిలేస్తే కలుషితమయ్యే ప్రమాదం ఉంది.

ఈస్ట్‌ముఖ్యం:
ఎక్స్‌ట్రాక్ట్ అయితే మొత్తం మరిగించక్కర్లేదు. 8 లీటర్లు మరిగించి, గిన్నెను ఐస్ నీళ్ల టబ్‌లో పెట్టండి. ముందే మరిగించి చల్లబరిచిన నీళ్లతో 20 చేయండి. చిల్లర్ తర్వాత కొనుక్కోవచ్చు. వోర్ట్ చల్లారాక తగిలే ప్రతి వస్తువుకూ శానిటైజర్ మాత్రం మొదటి రోజు నుంచే కావాలి.

కొత్తబ్రూయర్:
ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ తప్పనిసరా? మూత మీద గ్యాస్‌ను బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగితే పులియడం అయిపోయినట్టేగా?

ఈస్ట్‌ముఖ్యం:
కాదండీ. మూత సరిగ్గా పడకపోయినా బుడగలు ఆగుతాయి. అన్నీ అయిపోయాక, వేడి పెరిగినందుకే బుడగలు రావచ్చు కూడా. పులియడం పూర్తవకముందే సీసాల్లో నింపితే గ్యాస్ పెరిగి సీసా పేలుతుంది. మూడు రోజులు వరసగా హైడ్రోమీటర్ రీడింగ్ మారకపోతేనే నింపండి. సాంద్రత 1.050 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగితే ఆల్కహాల్ సుమారు 5.2 శాతం. సీసాలో గ్యాస్ కోసం వేసే పంచదార లీటరుకు 6 గ్రాములు చాలు, తూకం వేసే వేయండి. వీటిలో దేన్నైనా వాయిదా వేయండి, హైడ్రోమీటర్‌ను మాత్రం వద్దు.

స్టీలుగిన్నె:
నేను ఇప్పటికీ మెషీన్ వైపే. రెండేళ్లు చేస్తానని నమ్మకం ఉన్నవాళ్లకు అదే లాభం. కానీ చల్లబరిచే ఏర్పాటు లేకుండా మెషీన్ కొనమని ఇక చెప్పను. నా తొలి వేసవి బ్యాచ్‌లలో ఆ మంట ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

కొత్తబ్రూయర్:
ఇద్దరికీ థాంక్స్. ఈ వారం ఒక థర్మామీటర్ మాత్రమే కొంటున్నాను. బకెట్ పెట్టాలనుకున్న మూలలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎన్ని డిగ్రీలుందో రాసి ఇక్కడే పెడతాను. మిగతావి అది చూశాకే.