పాప కన్నడ, తెలుగు తలకట్లు కలిపేస్తోంది, తెలుగు రాత ఆపేయాలా?

మేము బెంగళూరులో ఉంటాం. పాపకి ఏడేళ్లు, రెండో తరగతి, స్కూల్లో ఇంగ్లిష్ తర్వాత కన్నడ. కన్నడ తను బాగా నేర్చుకోవాలి, పెరుగుతున్న ఊరి భాష అది. జూన్ నుంచి రోజూ రాత్రి ఇరవై నిమిషాలు నేను తెలుగు రాయిస్తున్నాను. మాట్లాడటం చక్కగా వచ్చు, ఇబ్బందంతా రాతలోనే. మన తలకట్టు టిక్కు మార్కులా ఉంటుంది కదా, కన్నడలో అడ్డంగా గీసి చివర వంపు తిప్పుతారు, పాప 'క', 'త' రాసేటప్పుడు ఒక భాష తలకట్టు ఇంకో భాషకి పెట్టేస్తోంది. పోయిన వారం కన్నడ డిక్టేషన్‌లో పది పదాల్లో ఆరింటికి ఎర్ర సున్నాలు చుట్టారు. పుస్తకం మూసేసి "నాకు ఏదీ రాదమ్మా" అని ఏడ్చింది, అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

రెండు రంగుల పుస్తకాలు పెట్టాను. అక్షరాలు పక్కపక్కన రాసి గోడకి అంటించాను, దాంతో ఇంకా ఎక్కువ కలిపేసింది. నెల రోజులు తెలుగు ఆదివారం మాత్రమే చేయించాను, తేడా లేదు. టీచర్ ఏడాది పాటు తెలుగు ఆపమంటున్నారు, మా ఆయనదీ అదే మాట.

కింద ఆడుకునే తమిళ, మలయాళీ, బెంగాలీ పిల్లల మధ్య పెరుగుతోంది, నాకది చాలా ఇష్టం. కానీ కడప నుంచి వాళ్ల అమ్మమ్మ పెట్టే మెసేజ్ తనే చదువుకోవాలని కూడా నా ఆశ. ఒకసారి ఆపితే మళ్లీ మొదలుపెడతామా అని భయం.

ఈ రెండు లిపులూ పిల్లలకి నేర్పినవాళ్లు చెప్పండి, తెలుగు రాయించడం ఆపి చదివించడం మాత్రం కొనసాగిస్తే కన్నడ రాతలో ఈ కలగాపులగం తగ్గిందా?