ఎస్‌ఈసీకి 14 బెర్తులు: నిజంగా అంత లోతుందా?

కూకట్‌పల్లి నుంచి: 2025 ఎన్‌సీఏఏ టోర్నీకి (అమెరికా కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్) ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్సు, అంటే కాలేజీ జట్ల లీగ్, 16 జట్లలో 14 ఎలా వచ్చాయన్నా?

ఉప్పల్ నుంచి: నవంబర్, డిసెంబర్ ఫలితాలు చూడు తమ్ముడూ. జనవరి నుంచి వాళ్లలో వాళ్లే ఆడతారు, ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి. బయటి జట్లను ముందే ఓడించి నెట్ (టోర్నీ ఎంపికలో చూసే ఎన్‌సీఏఏ ర్యాంకింగ్) ర్యాంకులు పెంచుకున్నారు. ఆ తర్వాత దాదాపు ప్రతి మ్యాచూ క్వాడ్ 1 (ఎంపికలో అత్యంత విలువైన గెలుపు) అవకాశమే: సొంత కోర్టులో 1–30, తటస్థ వేదికలో 1–50, ప్రత్యర్థి కోర్టులో 1–75 ర్యాంకు జట్టు. ఓడినా పెద్ద నష్టం లేదు. చిన్న కాన్ఫరెన్సులకు ఇది అన్యాయమే, పెద్ద జట్లు వాళ్ల గడప తొక్కడమే అరుదు.

సికింద్రాబాద్ నుంచి: బెర్తులొక్కటే లెక్క కాదు బ్రో. 2011లో బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్సుకి 11 వచ్చినా స్వీట్ 16 (చివరి 16 జట్ల దశ) చేరినవి రెండే. అందులో కనెక్టికట్, లీగ్‌లో 9 గెలిచి 9 ఓడిన జట్టు, కప్పు కొట్టింది! 2025లో ఎస్‌ఈసీవి 7 చేరాయి, ఫ్లోరిడా గెలిచింది.

ఎల్బీనగర్ నుంచి: ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు జట్లలో) ఎస్‌ఈసీ జట్టు ఆబర్న్ కూడా ఉంది, మర్చిపోవద్దు.