సోనీ ఏ7 టూ మార్చి ఏ7 త్రీ తీసుకోవాలా, లెన్స్ కొంటే చాలా?

ప్రశ్న (ఖమ్మం)

అందరికీ నమస్కారం. నా దగ్గర ఏ7 టూ కెమెరా, దాంతో వచ్చిన 28-70 కిట్ జూమ్ లెన్స్ ఉన్నాయి. వారమంతా ఉద్యోగం. ముహూర్తాల సీజన్‌లో తెలిసినవాళ్ల పెళ్లిళ్లు తీస్తుంటాను. పగటి ముహూర్తమైతే ఫొటోలకు వంక పెట్టడానికేం ఉండదు, అర్ధరాత్రి ముహూర్తమైతేనే టెన్షన్. పూర్తిగా జూమ్ చేస్తే, అంటే 70 దగ్గర, లెన్స్ ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ వస్తుంది). షటర్ సెకనులో 1/200 వంతు పెడితే ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు కెమెరా పెంచే సెన్సిటివిటీ) 6400కి పోతుంది, పట్టుచీర మడతల్లో అంతా గ్రెయిన్, ఇసుక చల్లినట్టు. సంగీత్ ఫొటోల్లో అడ్డంగా నల్ల చారలు కూడా వస్తున్నాయి. సెకండ్‌హ్యాండ్ ఏ7 త్రీ ఒకటి చూసి పెట్టుకున్నా. ఉన్న డబ్బులు బాడీకే (లెన్స్ లేని కెమెరాకే) సరి. "ఉన్నదానికేమైంది?" అని ఇంట్లో అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

జవాబు (గుంటూరు)

తమ్ముడూ, ఇంట్లోవాళ్ల మాటే వినండి. మీకు అడ్డం పడుతున్నది ఆ కిట్ లెన్స్. 5.6 నుంచి ఎఫ్/2కి వస్తే మూడు స్టాపులు, ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు. అంటే అదే హాల్లో, అదే షటర్‌తో, 6400 కాస్తా 800 అవుతుంది. బాడీ మార్చినంత మాత్రాన అంత తేడా రాదు. రెండూ 24 మెగాపిక్సెళ్లే.

ఇక ఆ చారలు లైట్ల వల్ల వచ్చేవి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షటర్ 1/100కి దించి చూడండి, మామూలు హాల్ లైట్ల కింద చారలు పోతాయి. స్టేజీ వెనకాల ఎల్ఈడీ వాల్ ఉంటే మాత్రం దాని లెక్క వేరు. అక్కడ షటర్ కొంచెం కొంచెం మారుస్తూ చూసుకోవాల్సిందే.

జవాబు (విశాఖపట్నం)

అన్నగారు చెప్పింది కరెక్టే కానీ, 1/100లో డ్యాన్స్ తీస్తే చేతులన్నీ చెదిరిపోతాయి కదండీ. ఏ7 త్రీలో యాంటీ ఫ్లికర్ ఉంది, వెలుగు ఎక్కువున్న క్షణం చూసుకుని క్లిక్ చేస్తుంది. ఫోకస్ పాయింట్లు 117 నుంచి 693 అయ్యాయి. తలంబ్రాలప్పుడు ఆ తేడా తెలుస్తుంది. బ్యాటరీ కూడా సోనీ లెక్కల్లోనే 350 ఫొటోల నుంచి 710కి పెరిగింది. అయితే మీ పాత బ్యాటరీలు దానికి పట్టవు, అదో ఖర్చు.

ఇవన్నీ అటుంచండి. నేనైతే ఏ7 త్రీలో ఉన్న రెండో కార్డు స్లాట్ కోసమే మారతాను, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేలా పెట్టుకోవచ్చు. డబ్బులు తీసుకుని పెళ్లి తీస్తూ, ఉన్న ఒక్క కార్డు చెడిపోతే అవతలివాళ్లకు ఏం చెబుతాం?

ఒకవేళ కొంటే, షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులయ్యాయో) ఒక్కటే చూసి రాకండి, సెన్సర్ కూడా చూడండి. లెన్స్‌కు మూత పెట్టి ఒకటి, ఎఫ్/16లో తెల్లగోడ ఒకటి తీసి పెద్దది చేసి చూడండి. మన సంగీత్‌లలో లేజర్ లైట్లు ఎక్కువ. సెన్సర్ మీద నేరుగా పడితే అక్కడ చుక్కో గీతో శాశ్వతంగా ఉండిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

కార్డు సంగతి వింటే భయం వేసింది. నేను డబ్బులు పుచ్చుకునేవి తక్కువేనండీ, చాలావరకు చుట్టాలవే. ముందు లెన్స్ వైపే మొగ్గుతున్నా. 85 ఎఫ్/1.8 బాగుంటుందా?

జవాబు (గుంటూరు)

పోర్ట్రెయిట్లకు బ్రహ్మాండం. కానీ 85 దూరం నుంచి తీసే లెన్స్, మండపం దగ్గర మాత్రం పని జరగదు. జీలకర్ర బెల్లం వేళకి ముందు వీడియో అతను గింబల్‌తో (కెమెరా ఊగకుండా పట్టే స్టాండుతో) నిలబడతాడు, పక్కన లైట్ పట్టుకున్న కుర్రాడు, వెనక మేనమామలు. 85 పెట్టుకుని వెనక్కి జరిగితే మీ ఫొటోలో వాళ్ల వీపులే పడతాయి. దగ్గర్నుంచే ఎక్కువ మంది పట్టే 35 ఎఫ్/1.8 తీసుకుని పురోహితుడి పక్కన కూర్చోండి. రేపు ఏ7 త్రీ కొన్నా అదే లెన్స్ దానికీ పనికొస్తుంది. ఈలోగా డబ్బులిచ్చే పెళ్లి వస్తే, రెండు స్లాట్లున్న బాడీ ఆ ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకోండి.