ఎండాకాలం స్టోరేజ్‌లో ఆర్‌వీ: ఎండ, ఉక్క, బూజు. మీరేం చేస్తున్నారు?

కేటీవాసి:
అందరికీ నమస్కారం. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మా ఆర్‌వీ అంటే ట్రక్కు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి, 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్. డ్రైవ్‌వేలో పెడితే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి నోటీసు వస్తుంది కాబట్టి ఊరి బయట ఓపెన్ లాట్‌లో ఉంచుతున్నాం. అక్కడ కరెంటు లేదు, పైన షెడ్డూ లేదు. పిల్లల సెలవులకి జూన్ మొదట్లో విజయవాడ వెళ్లి ఆగస్టు మధ్యలో తిరిగొస్తాం. రూఫ్ వెంట్లు (పైకప్పులో గాలి కిటికీలు) తెరిచి ఉంచాలా, మూసేయాలా? కవర్ వేయాలా? టైర్లకి, బ్యాటరీకి ఏం చేయాలి? పరుపులు ఇంటికి తెచ్చుకోవాలా? బూజు పడితే ఇన్సూరెన్స్ ఇస్తారా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. టికెట్లు కొన్నప్పటి నుంచీ ఇదే టెన్షన్.

ఎడారిబాట:
వెంట్ల సంగతి తర్వాత, ముందు టైర్లు చూడండి. మాది ఫీనిక్స్ దగ్గర చాండ్లర్. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ పైనే ఉంది. ట్రైలర్ టైరు అరిగి పోదు, ఎండకి ముసలిదై పోతుంది. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అయిదేళ్లు దాటితే నేనైతే హైవే ఎక్కించను. నాకు ‘కొత్త’ ట్రైలర్ అని అమ్మిన డీలరు మూడేళ్ల పాత టైర్లతో ఇచ్చాడు. ఐ-17 మీద ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తుంటే ఒకటి పేలి ఫెండర్ మొత్తం చీల్చేసింది. అడిగితే ‘వారంటీ టైరు కంపెనీది’ అన్నాడు, టైరు కంపెనీ వాళ్లు ‘రోడ్డు దెబ్బ’ అన్నారు. తెల్ల టైర్ కవర్లు కొనండి. చల్లగా ఉన్నప్పుడు సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం దాకా గాలి కొట్టండి. కింద చెక్క పలకలు వేయండి. మెరుపు కోసం పూసే పెట్రోలియం స్ప్రేలు మాత్రం వద్దు, రబ్బరు తొందరగా పగులుతుంది.

ఫ్రిస్కోబావ:
వెంట్లు తెరవాలి, అందులో అనుమానమే లేదు. వాన పడకుండా వెంట్ కవర్లు బిగించి రెండు వైపులా రెండంగుళాలు తెరిచి పెడతాం. గాలి ఆడితే బూజు రాదు. ఏటా ఇదే పద్ధతి, ఇంతవరకు వాసన లేదు. మూసి పెడితే లోపల కొలిమే.

తీరంగాలి:
బావగారూ, మీది డల్లాస్ వైపు. ఆయనది కేటీ. గల్ఫ్ సముద్రపు తేమ గాలిని లోపలికి పిలిచి బూజు రాదంటే ఎలా? మేం లీగ్ సిటీలో ఉంటాం. మా పక్క స్లాట్ ఆయన మీలాగే వెంట్లు తెరిచి వెళ్లారు. తిరిగొచ్చేసరికి కుర్చీల తోలు మీద పచ్చటి పొడి, అల్మరాల వెనక నల్లటి మచ్చలు. మాది మూసే ఉంది, మాకేమీ కాలేదు.

ఫ్రిస్కోబావ:
పక్కాయన రూఫ్ కారుతోందేమో, మీకు తెలుసా? ఒక్క బండిని చూసి తీర్పు చెప్పకండి.

గాలిలెక్క:
ఇరవై ఏళ్లుగా ఏసీ, వెంటిలేషన్ డిజైన్ చేసేవాడిగా చెబుతున్నాను, ఇద్దరూ అసలు అంకె వదిలేసి వాదిస్తున్నారు. చూడాల్సింది డ్యూ పాయింట్, అంటే గాలిలో తేమ నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. హ్యూస్టన్‌లో జులైలో అది 75 ఫారెన్‌హీట్ దగ్గర ఉండటం మామూలు. అదే గాలి మధ్యాహ్నం బయట 95 డిగ్రీల దగ్గర 53 శాతం తేమ చూపిస్తుంది. మూసిన ట్రైలర్‌లో 120కి చేరితే 25 శాతమే. రాత్రి 78కి దిగితే 90 శాతం. నీళ్లు పెరగలేదు, తరగలేదు, ఉష్ణోగ్రత మారిందంతే. బూజు పెరిగేది ఆ రాత్రి గంటల్లో. 60 శాతం దాటిన గంటలు ఎన్ని అన్నదే లెక్క. కరెంటు లేనిచోట వెంట్లు తెరిస్తే ప్రతి రాత్రీ బయటి గాలి కొత్త తేమ తెస్తుంది. ఎండిన బండిని మూస్తే లోపల ఉన్న తేమతోనే సరిపెట్టుకోవచ్చు. ‘ఎండిన’ అన్న మాట మర్చిపోకండి. తడి బండిని మూస్తే అది వేరే కథ.

ఫ్రిస్కోబావ:
లెక్క బాగుంది సార్. కానీ ఆర్‌వీ ఏమైనా థర్మాస్ ఫ్లాస్కా? స్లైడ్ (బయటికి జరిగే గది) సీళ్లు, తలుపు సందు, ఫ్రిజ్ వెనక జాలీ, అన్ని చోట్లా గాలి దూరుతూనే ఉంటుంది. మీ మూసిన డబ్బా రెండు మూడు రోజుల్లో బయటితో సమానమైపోతుంది. అప్పుడు వేడీ ఉంటుంది, తేమా ఉంటుంది, గాలి మాత్రం ఉండదు. ఆ వేడికి క్యాబినెట్ల మీద అతికించిన కాగితం లేచిపోతుంది, ప్లాస్టిక్ వంకర పోతుంది. డిజైన్ చేసేవాళ్లు ఎండలో నిలబడి చూడాలి.

గాలిలెక్క:
రూఫ్‌ల మీద మధ్యాహ్నం రెండింటికి పని చేసినవాణ్ణి నేను. సందుల మాట నిజమే, అందుకే లోపల తేమ పీల్చేది ఒకటి ఉంచమంటాను. సమానమవుతుంది కదా అని తలుపు బార్లా తెరిచి పెట్టం కదా? మీ ఊళ్లో డ్యూ పాయింట్ 65, 70 మధ్య ఉండే రోజులు ఎక్కువ, అందుకే మీకు కుదురుతోంది. మీ అనుభవం తప్పనలేదు. అది కేటీకి పనికిరాదన్నాను.

పాతచిట్కా:
ఇంత గొడవ దేనికండీ. గిన్నెల్లో రాళ్ల ఉప్పు, మూలల్లో బొగ్గు పెట్టండి. మా అత్తగారు కాకినాడలో పట్టుచీరల బీరువాకి ఇదే చేసేవారు, సముద్రం పక్క ఇల్లు అది.

గాలిలెక్క:
అమ్మా, మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీళ్లు పీలుస్తుంది. మనకి 60 దగ్గరే ఆగాలి. కాల్షియం క్లోరైడ్ అయితే 30 శాతం నుంచే మొదలుపెడుతుంది. బజారులో అమ్మే తేమ బకెట్లలో ఉండేది అదే.

పాతచిట్కా:
మీ శాతాలు మీవి. మా చీరలు యాభై ఏళ్లయినా చెక్కుచెదరలేదు. పెద్దవాళ్లు చేసిందంతా లెక్క తెలియక చేశారనుకోకండి.

తీరంగాలి:
ఆంటీగారూ, బీరువా వేరు, రోజూ 120 డిగ్రీలకి ఎక్కి దిగే బండి వేరు. అయితే ఆ కాల్షియం క్లోరైడ్ బకెట్ల గురించి ఒక హెచ్చరిక. అవి నిండితే మిగిలేది ఉప్పు నీళ్లు కాదు, ఇనుముని తినే రసం. కౌంటర్ మీద, నేల మీద పెట్టకండి. సింకులో, షవర్ టబ్‌లో పెట్టండి, ఒలికినా డ్రెయిన్‌లోకి పోతుంది. రెండున్నర నెలలకి ఒక్క బకెట్ ఏ మూలకీ చాలదు, మధ్యలో ఎవరైనా వెళ్లి మార్చాలి. ఎవరూ లేకపోతే కరెంటు ఉన్న స్లాట్‌కి మారండి, నెలకి ఎక్కువైనా సరే.

కేటీవాసి:
కరెంటు స్లాట్ ఒకటి ఖాళీ అవుతోందట. అక్కడైతే డీహ్యుమిడిఫయర్ పెడితే చాలా? ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు.

గాలిలెక్క:
డీహ్యుమిడిఫయర్ ఒక్కటే చాలదు. కంప్రెసర్ ఉన్నవి చాలావరకు 90, 95 డిగ్రీల వరకే పనిచేస్తాయి. మూసిన ట్రైలర్ మధ్యాహ్నానికి అది దాటుతుంది, మిషన్ ఆగిపోతుంది. ఏసీని 82, 83 దగ్గర పెట్టండి, అది చల్లబరుస్తూనే నీళ్లు లాగుతుంది. తోడుగా డీహ్యుమిడిఫయర్ పెట్టి దాని పైపు సింకులోకి వదలండి. గ్రే ట్యాంక్ (సింకు, షవర్ నీళ్లు చేరేది) వాల్వ్ మూసి ఉంటే ట్యాంక్ నిండి షవర్‌లోంచి పైకి వస్తుంది, నీళ్లు ఎటు పోవాలో ముందే చూసుకోండి. కప్పు సైజు చిన్న ఎలక్ట్రానిక్ డబ్బాలు అల్మరాకి సరిపోతాయి, ట్రైలర్‌కి కాదు.

ట్రక్కుపుల్లారావు:
ఇంట్లో వాడే 15 ఆంప్ ఎక్స్‌టెన్షన్ తీగతో ఏసీ నడపొద్దు! స్లాట్‌లో 30 ఆంప్ ప్లగ్ ఉందో లేదో అడగండి. 30 ఆంప్ అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు. సన్న తీగ వేడెక్కుతుంది, వోల్టేజ్ పడిపోయి కంప్రెసర్ కాలుతుంది. సర్జ్ ప్రొటెక్టర్ కూడా పెట్టండి.

తీరంగాలి:
కరెంటుని నమ్ముకుని పూర్తిగా వదిలేయకండి కూడా. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకి పైగా కనెక్షన్లు పోయాయి, కొన్నిచోట్ల రోజుల తరబడి రాలేదు. ఏసీ మీద ఆధారపడిన బండ్లన్నీ ఒక్కసారిగా ఉడికాయి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాను సీజనే, మీ ప్రయాణం సరిగ్గా అందులో పడుతోంది. కరెంటు పోయినా బతికేలా సర్ది వెళ్లండి: ఫ్రిజ్ తలుపులు తెరిచి టవల్ అడ్డం పెట్టడం, అల్మరాలు, డ్రాయర్లు తెరిచి ఉంచడం, పరుపులు గోడకి నిలబెట్టడం, కుషన్లు విడదీయడం. పరుపు కింద ప్లైవుడ్ మీదే మొదట నల్లగా అవుతుంది.

నిచ్చెనమీద:
నాకు ఈ చర్చ చదువుతుంటే కోపం వస్తోంది. వెంట్లు, ఉప్పు, ఏసీ అని ఇన్ని పోస్టులు పెట్టారు, రూఫ్ ఎక్కమని ఒక్కరూ చెప్పలేదు. ఆర్‌వీని చంపేది గాలిలో తేమ కాదు, పైనుంచి దిగే చుక్క. ఎండకి రూఫ్ అతుకుల మీద పూసిన లాప్ సీలెంట్ ఎండి చీలుతుంది, జులై వాన అందులోంచి దిగుతుంది, గోడలో ప్లైవుడ్ కుళ్లుతుంది, బయట ఫైబర్‌గ్లాస్ బుడగలా ఉబ్బుతుంది. అదే డీలామినేషన్. దాన్ని బాగు చేయించాలంటే బండి ధరలో సగం అడుగుతారు. మా ట్రైలర్‌కి క్లియరెన్స్ లైటు దగ్గర వెంట్రుకంత చీలిక, అంతే. ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మినవాళ్లు ‘మెయింటెనెన్స్ లోపం’ అని చేతులు దులుపుకున్నారు. వెళ్లే ముందు ప్రతి వెంట్, యాంటెన్నా, స్కైలైట్, మూలల ట్రిమ్ చుట్టూ వేలితో తడిమి చూడండి. చీలినచోట శుభ్రం చేసి డైకార్ కంపెనీ సెల్ఫ్ లెవెలింగ్ (తనంతట పరుచుకునే) సీలెంట్ వేయండి. రూఫ్ ఈపీడీఎం రబ్బరైతే పెట్రోలియం ఉన్న ఏ క్లీనరూ తాకించవద్దు.

కేటీవాసి గారూ, మీ ఇన్సూరెన్స్ ప్రశ్నకి జవాబు: నెమ్మదిగా కారిన నీటికి, బూజుకి సాధారణంగా పాలసీల్లో మినహాయింపు ఉంటుంది. పాలసీ తీసి ఆ పేజీ చదవండి, ఏజెంట్ నోటిమాట నమ్మకండి.

ఫ్రిస్కోబావ:
అందుకే కవర్ వేయమనేది. పైన కవర్ ఉంటే సీలెంట్‌కి ఎండ తగలదు.

నిచ్చెనమీద:
గాలి ఆడే కవర్ అయితే సరే. నీలం టార్పాలిన్ అయితే అస్సలు వద్దు. కింద తేమ పట్టి ఉంచుతుంది, గాలికి కొట్టుకుని మూలల్లో పెయింట్ గీకేస్తుంది. తుఫాను గాలికి మంచి కవర్ కూడా చిరిగి పక్క బండి మీద పడుతుంది. షెడ్డు ఉన్న స్లాట్ దొరికితే దానికి మించింది లేదు.

ట్రక్కుపుల్లారావు:
కవర్ వేయనివాళ్లంతా బద్ధకస్తులు.

నిచ్చెనమీద:
మాటలు చూసి రాయండి. ఎండలో నిచ్చెన ఎక్కి సీలెంట్ వేసినవాళ్లని బద్ధకస్తులంటారా?

మోడరేటర్:
పుల్లారావు గారూ, ఆ మాట వెనక్కి తీసుకోండి. చర్చ బండి గురించి సాగనివ్వండి.

ట్రక్కుపుల్లారావు:
సరే, తీసుకున్నాను. కానీ బ్యాటరీ గురించి ఎవరూ చెప్పలేదు. డిస్‌కనెక్ట్ స్విచ్ తిప్పండి, లేదంటే గ్యాస్ డిటెక్టర్ ఒక్కటే చాలు, నెమ్మదిగా తాగేస్తుంది. లెడ్ యాసిడ్ అయితే వేడికి తనంతట తానే దిగిపోతుంది. పూర్తిగా ఛార్జ్ చేసి, డిస్టిల్డ్ వాటర్ చూసి పెట్టండి. లిథియం అయితే సగం ఛార్జ్‌లో ఇంటికి తెచ్చి చల్లని గదిలో ఉంచండి.

పాతచిట్కా:
వంటసామాను గురించి కూడా అడగలేదు. ఏ కందిపప్పూ, ఏ రవ్వా బండిలో వదలకండి. పురుగు ఒక్కసారి పడితే అల్మరాల సందుల్లోంచి పోదు. నెయ్యి కరిగి మూత సందులోంచి కారుతుంది, ఇక చీమలు ఊరుకోవు.

తీరంగాలి:
చీమలంటే గుర్తొచ్చింది, ఇక్కడి ఫైర్ యాంట్స్ (కుట్టే ఎర్రచీమలు) కరెంటు డబ్బాల్లోకి దూరతాయి. వాన పడితే కింద నేల వదిలి టైర్ల మీదుగా ఎక్కుతాయి. చక్రాలు, జాక్‌లు నేలకి ఆనే ప్రతిచోటా చుట్టూ చీమల మందు చల్లండి. స్ప్రే డబ్బాలు, దోమల మందు, లైటర్లు ఇంటికి తెచ్చేయండి. ఆ డబ్బాల మీదే రాసి ఉంటుంది, 120 డిగ్రీలు దాటనివ్వొద్దని.

ఎడారిబాట:
ప్రొపేన్ సిలిండర్ వాల్వ్ కట్టేయండి. ఫర్నేస్, వాటర్ హీటర్ బయటి జాలీలకి సన్న మెష్ బిగించండి. గ్యాస్‌కి కలిపిన వాసన కందిరీగలకి, సాలీళ్లకి ఇష్టమంటారు. మట్టి గూడు కట్టాయంటే సెప్టెంబర్‌లో హీటర్ వెలగదు. మా దగ్గర పొడి వేడికి సింకు కింద పీ-ట్రాప్ (వంపు పైపు) నీళ్లు కూడా ఎండిపోయి ట్యాంక్ వాసన బండంతా నిండుతుంది. డ్రెయిన్‌లన్నిటికీ మూతలు పెట్టండి.

కేటీవాసి:
అందరికీ ధన్యవాదాలు. కరెంటు స్లాట్ ఖాయం చేశాను, 30 ఆంప్ ప్లగ్ ఉందని ఆఫీసులో చెప్పారు. శనివారం రూఫ్ ఎక్కుతాను. టైర్ల కోడ్ 2218. ఫ్రిస్కోబావ గారూ, మీ వెంట్ కవర్లు మాత్రం బిగిస్తాను, ఆగస్టులో వచ్చాక గాలి ఆడించడానికి పనికొస్తాయి.

ఎడారిబాట:
2218 అంటే 2018 మే, జూన్. వాటికి ఎండ తగలకుండా కవర్లు కొనడం కూడా దండగ. వెళ్లే ముందు కొత్తవి వేయించాల్సిన పని లేదు, వచ్చాక వేయించండి, అప్పుడు ఆ డేట్ కోడ్ కూడా షాపులోనే చదివి తీసుకోండి. ఆలోగా మాత్రం హైవే ఎక్కించకండి.

గాలిలెక్క:
లోపల ఒక తేమ మీటర్ పెట్టండి, ఫోన్‌కి పంపేది. సెల్ సిగ్నల్‌తో పనిచేసేది కొనండి, బ్లూటూత్‌ది అయితే విజయవాడ నుంచి కనబడదు. 60 దాటి రెండు రోజులు ఉంటే ఏసీ ఆగినట్టే, ఇక్కడ ఎవరినైనా పంపండి.

తీరంగాలి:
జులైలో మేం ఊళ్లోనే ఉంటాం. మీ మీటర్ 60 చూపిస్తే ఇక్కడే మెసేజ్ పెట్టండి, వెళ్లి బ్రేకర్ చూసి వస్తాను. స్టోరేజ్ ఆఫీసులో నా పేరు ముందే రాయించి వెళ్లండి, లేకపోతే గేటు తీయరు.