సీఐఎన్-2కు కాంతి చికిత్స: ఫెయిలైతే తప్పు దీపానిదా, కేసు ఎంపికదా?

అలిపిరి_గైనిక్: సీఐఎన్-2 అంటే గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మధ్యస్థ స్థాయి కణాల మార్పు. దానికి చేసే కాంతి చికిత్స, ఫొటోడైనమిక్ థెరపీ అంటే లేజర్‌తో కాల్చేయడం కాదు. ముఖద్వారానికి పూసిన ఏఎల్ఏ (అమైనోలెవులినిక్ ఆమ్లం) జెల్‌ను కణాలు ప్రోటోపార్ఫిరిన్ అనే, కాంతికి స్పందించే పదార్థంగా మార్చుకుంటాయి. దానిమీద ఎర్ర కాంతి పడాలి, ఆక్సిజన్ ఉండాలి, అప్పుడే ఆ కణాలు చస్తాయి. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది కాంతి లెక్కనే. 635 నానోమీటర్లు, చదరపు సెంటీమీటరుకు 100 జౌళ్లు అని కాగితం మీద ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 80 మిల్లీవాట్లయితే 1250 సెకన్లు, దాదాపు 21 నిమిషాలు. బాగానే ఉంది. కానీ స్పెక్యులంలో (యోనిని తెరిచి చూసే పరికరం) ముఖద్వారం ఎదురుగా కాక ఏటవాలుగా కనిపిస్తే? 60 డిగ్రీలు వాలితే అందేది సగమే. పవర్ మీటర్ పెట్టి అదే దూరంలో కొలవకపోతే ఆ 100 కాగితం మీదే మిగులుతుంది.

కపిలతీర్థం_పాథ్: మీటర్ సంగతి ఒప్పుకుంటా మేడమ్. కానీ లీజన్ (మార్పు వచ్చిన భాగం) కెనాల్‌లోకి, అంటే ముఖద్వారం లోపలి సన్నని దారిలోకి పాకి ఉంటే ఎంత కొలిచినా ఏం లాభం? పైనుంచి వేసే దీపం లోపలికి పోదు, దానికి చుట్టూ కాంతి చల్లే పొడుగాటి డిఫ్యూజర్ ఫైబర్ వేరే కావాలి. మెనోపాజ్ తర్వాత జంక్షన్ (ముఖద్వారం బయటి, లోపలి పొరలు కలిసే చోటు) లోపలికి జరుగుతుంది కాబట్టి అక్కడే ఎక్కువ తప్పిపోతాం. బయాప్సీతో పాటు కెనాల్ క్యూరటేజ్ (లోపలి పొరను గీకి చేసే పరీక్ష) చూడకుండా మొదలుపెట్టకూడదు. హెచ్‌ఐవీ ఉన్నా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నా, ఈ మార్పుకు కారణమైన హెచ్‌పీవీ వైరస్ మళ్లీ తిష్ట వేస్తుంది.

పలమనేరు_పీజీ: ఇద్దరూ జెల్‌ను మర్చిపోయినారు సార్! ఏఎల్ఏ ఆమ్లంలోనే నిలబడుతుంది, పీహెచ్ పెరిగితే విరిగిపోతుంది. అందుకే 20 శాతం జెల్ అప్పటికప్పుడు కలపాలి. పూసే ముందు మ్యూకస్‌ను సెలైన్ దూదితో శుభ్రంగా తుడవాలి, లేదంటే మందు జిగురు మీదే ఉండిపోతుంది. 3–4 గంటలు పడుకోబెట్టాలి. లేచి తిరిగితే కారిపోతుంది. ఇట్లాంటివి వారం, రెండు వారాల తేడాతో చాలా సిట్టింగ్‌లు. కుప్పం నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతి వచ్చే ఆమె రెండో సిట్టింగ్‌కు రాకపోతే అది దీపం తప్పా?

కపిలతీర్థం_పాథ్: ఇంకో మాట. సీఐఎన్-2లో దాదాపు సగం రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి చికిత్స) గ్రూపు లేని "80 శాతం సక్సెస్" లెక్కలు నేను నమ్మను. 2015లో వచ్చిన హెక్సైల్ ఏఎల్ఏ (ఏఎల్ఏకే మరో రూపం) ట్రయల్‌లో సీఐఎన్-2 మందు గ్రూపులో 19 మందికి 18, ప్లాసిబోలో 21 మందికి 12 తగ్గాయి. తేడా ఉంది, కాదనను. కానీ ఆ 12ను కూడా చూడండి.

అలిపిరి_గైనిక్: అందుకే పిల్లలు కావాలనుకునే చిన్న వయసు వాళ్లకే ఇది ఆలోచించాలంటాను. లీప్‌లో (కరెంటు తీగ ఉచ్చుతో ఆ భాగాన్ని కోసి తీయడం) 10 మిల్లీమీటర్లకు మించి లోతుగా కోస్తే నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు పెరుగుతుంది.

పలమనేరు_పీజీ: జంక్షన్ మొత్తం కనబడే కేసుకైతే థర్మల్ అబ్లేషన్ (వేడితో ఆ కణాలను చంపడం) ఉంది కదా మేడమ్. 100 డిగ్రీలు, 20–30 సెకన్లు, అదే రోజు ఇంటికి. దాన్ని పక్కనబెట్టి నాలుగు గంటల జెల్ ఎందుకో ముందు అది చెప్పండి.